కొన్ని కణాలు, ఒక గడ్డ: సూది పరీక్షలో ప్రమాణ విచారం

చర్మం కింద చేతికి తగిలే గడ్డలోకి సన్నని సూది దించి, దానితో వచ్చిన కాస్త పదార్థాన్ని గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూసి ఆ గడ్డ ఫలానాదని చెప్పడాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. జనం నోట అది సూది పరీక్ష. సెంటీమీటరు అడ్డుకొలత ఉన్న గడ్డలో కణాలు కోట్లలో ఉంటాయి. స్లైడు మీదికి వచ్చేవి వందలో, వేలో. అంత కొంచెం చూసి అంత పెద్దదాని గురించి పలికిన మాట జ్ఞానమేనా, కలిసొచ్చిన ఊహా అన్న ప్రశ్న ఒక్క వైద్యంతో తేలేది కాదు. కనిపించినదాన్ని పట్టుకుని కనిపించనిదాని గురించి ఎంతవరకు మాట్లాడవచ్చో భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి వాదించుకున్నాయి. ఆ వాదాన్ని పరీక్షకు పెట్టడానికి అరుదైన, హానిలేని చర్మపు గడ్డలను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. గడ్డ మామూలుదైతే అలవాటు ఆదుకుంటుంది. ప్రాణం తీసేదైతే భయమే జాగ్రత్త నేర్పుతుంది. అరుదుగా వచ్చేది, హాని చేయనిది, పైగా ఒక్కోసారి క్యాన్సర్ వేషం కట్టేది ఎదురైతే ఆ రెండూ అక్కరకు రావు.

పని చూడటానికి చిన్నదే. సాధారణంగా 22 నుంచి 25 గేజి సూదులు వాడతారు. 23 గేజి సూది బయటి మందం 0.64 మిల్లీమీటర్లు. గడ్డను రెండు వేళ్ళ మధ్య కదలకుండా పట్టి, సూదిని లోపల రెండు మూడు దిక్కుల్లో ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. సిరంజి లాగుడు వదిలేశాకే సూదిని బయటికి తీస్తారు. వచ్చినదాన్ని స్లైడ్ల మీద పలచగా పరిచి, కొన్నిటిని తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచి పాప్ స్టెయిన్‌కు, కొన్నిటిని గాలికి ఆరబెట్టి గీమ్సా తరహా స్టెయిన్‌కు పెడతారు. మత్తు అక్కర్లేదు, కుట్లు ఉండవు, మచ్చ మిగలదు. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి నుంచి హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ 1930లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు వాడింది 18 గేజి లావు సూది. సన్న సూదితో దీన్ని రోజువారీ వైద్యంలో నిలబెట్టినవారు 1950లు, 60లలో స్వీడన్ కరోలిన్‌స్కా వైద్యులు. ఖర్చు తక్కువ, సరంజామా తక్కువ కావడంతో మన దేశంలో ఇది జిల్లాల దాకా తొందరగా పాకింది.

దక్షిణ తెలంగాణలో ఆ పాకడం వైద్య కళాశాలల వెంట నడిచింది. 1999లో నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ కళాశాలలు మొదలయ్యాయి. తరువాత 2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండకు, సూర్యాపేటకు, 2022లో నాగర్‌కర్నూలుకు, వనపర్తికి ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల ఉన్నచోట పాథాలజీ విభాగం ఉండక తప్పదు. అదివరకు ఏ గడ్డ సంగతి తేలాలన్నా పట్నం, అంటే హైదరాబాద్ పోవాలి. ఉస్మానియానో, గాంధీయో, క్యాన్సర్ భయం ఉంటే ఎంఎన్‌జేనో. కూలి పోగొట్టుకుని రెండుమూడుసార్లు పట్నం తిరగలేనివాళ్ళు గడ్డను అలాగే మోసేవారు, లేదంటే దగ్గర్లో కోయించుకుని ఊరుకునేవారు.

ఈ విభాగాలకు సూది పరీక్షకోసం ఎక్కువగా వచ్చేవి థైరాయిడ్ వాపులు, మెడలో టీబీ గ్రంథులు, రొమ్ము గడ్డలు, కొవ్వు గడ్డలు. వెంట్రుక కుదురు, చెమట గ్రంథి, నూనె గ్రంథి లాంటి చర్మ అనుబంధాల నుంచి పుట్టే గడ్డలు అసలే తక్కువ. అవి సూది కింద పడేవి మరీ తక్కువ, ఎందుకంటే పైపైన ఉన్న గడ్డను పరీక్షకు పంపేకంటే కోసి తీసేయడమే సర్జనుకు సులువు. కాబట్టి ఒక పాథాలజిస్టు తన సర్వీసు మొత్తంలో కొన్ని రకాలను సూది పరీక్షలో ఒకటి రెండుసార్లకు మించి చూడకపోవచ్చు. కొన్నిటిని పుస్తకంలో తప్ప చూసే ఉండడు. చూడనిదాన్ని గుర్తుపట్టడం ఎలా సాధ్యమన్నది ఇక్కడ మొదటి చిక్కు.

ఆంధ్రుడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈ చిక్కుకు జవాబు చెబుతుంది. తర్కం మొదలుపెట్టేవాడి చేతికి దేశమంతటా ఇచ్చే పుస్తకమిది. న్యాయ దర్శనం ఒప్పుకున్న నాలుగు ప్రమాణాలు, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే సాధనాలు, ప్రత్యక్షం, అనుమానం (ఒకదాన్ని బట్టి మరొకదాన్ని తర్కించి తెలుసుకోవడం), ఉపమానం, శబ్దం (నమ్మదగ్గవారి మాట). మూడోదైన ఉపమానానికి ఇచ్చే ఉదాహరణ గవయం. గవయమంటే ఏమిటో తెలియనివాడికి అడవి మనిషి ఒకడు అది ఆవులా ఉంటుందని చెబుతాడు. తరువాత అడవికి వెళ్ళినప్పుడు ఆవును పోలిన జంతువు కంటపడుతుంది. విన్న మాట గుర్తుకొస్తుంది. గవయమన్న పేరు దీనిదేనని తెలుస్తుంది. కన్ను జంతువును చూసిందే కాని పేరును చూడలేదు. అడవి మనిషి పేరు చెప్పాడే కాని జంతువును చూపలేదు. రెండూ కలిసినచోట పుట్టిన ఈ జ్ఞానం ప్రత్యక్షమూ కాదు, శబ్దమూ కాదు గనుక దీనికి వేరే ప్రమాణం కావాలని నైయాయికులు పట్టుబట్టారు. బౌద్ధులు, వైశేషికులు ఒప్పుకోలేదు. ఉపమానాన్ని వేరే ప్రమాణంగా లెక్కపెట్టనక్కర్లేదన్నారు.

పైలోమాట్రిక్సోమా అనే గడ్డ ముందు కూర్చున్న పాథాలజిస్టుకు నైయాయికుల పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. వెంట్రుక మొదలులోని మాతృకణాల నుంచి పుట్టే గడ్డ ఇది. మలెర్బ్, షెనాంతె 1880లో దీన్ని మొదట వర్ణించినప్పుడు నూనె గ్రంథి నుంచి వచ్చిందనుకున్నారు. ఫోర్బిస్, హెల్విగ్ 1961లో దాని అసలు పుట్టుకను బట్టి ఇప్పటి పేరు పెట్టారు. ఎక్కువగా పిల్లల్లో, యువతలో, ముఖం మీదో మెడ మీదో చేతి మీదో రాయిలా గట్టిగా తగులుతుంది. మెల్లగా పెరుగుతుంది, పెద్దగా నొప్పి ఉండదు. స్లైడులో దీని గుర్తు ఛాయా కణాలు. కణం గీత మొత్తం మిగిలి ఉంటుంది, నడుమ కేంద్రకం ఉండాల్సినచోట వెలవెలబోయిన ఖాళీ ఉంటుంది. వాటితోపాటు ముదురు కేంద్రకాలున్న చిన్న బేసలాయిడ్ కణాల గుంపులు, సున్నపు రేణువులు, అనేక కేంద్రకాల రాక్షస కణాలు కనిపిస్తాయి. వీటిని పుస్తకంలో చదివి, బొమ్మల్లో చూసి, పాతికేళ్ళ తరువాత ఒకనాడు నిజం స్లైడులో చూసినవాడికి కలిగే గుర్తింపు లెక్కలు కట్టి తేల్చిన ముగింపులా ఉండదు. విన్న వర్ణన, చూసిన పోలిక ఒక్కసారిగా కలిసి పేరు పడుతుంది. దీన్ని అనుమానంలో కలిపేయాలన్నవారి వాదానికి తర్కంలో బలముండొచ్చు. జరిగేదాన్ని జరిగినట్టు చెప్పింది మాత్రం గవయం కథే.

అయితే ఆ కథలోనే ప్రమాదమూ ఉంది. ఆవును పోలిన ప్రతి జంతువూ గవయం కాదు. పైలోమాట్రిక్సోమాలో సూది ఎక్కడ దిగిందన్నదాన్ని బట్టి చిత్రం మారిపోతుంది. గడ్డ లేతగా ఉన్నప్పుడు బేసలాయిడ్ కణాలు ఎక్కువ. పాతబడేకొద్దీ ఛాయా కణాలు, సున్నం మిగిలి, బేసలాయిడ్ కణాలు తగ్గిపోతాయి, ఒక్కోసారి పూర్తిగా పోతాయి. లేత గడ్డ అంచున దిగిన సూదికి బేసలాయిడ్ కణాలే వస్తే స్లైడు భయం పుట్టిస్తుంది. చిన్న కణాలు, ముదురు కేంద్రకాలు, ఒకదానిమీద ఒకటి పడ్డ గుంపులు, అక్కడక్కడ విభజనలో ఉన్న కణాలు ఉంటాయి. చిన్న గుండ్రటి కణాల క్యాన్సర్లు, బేసల్ సెల్ క్యాన్సర్, మరెక్కడి నుంచో పాకివచ్చిన క్యాన్సర్ కూడా దాదాపు ఇలాగే కనిపిస్తాయి. ఈ గడ్డను సూది పరీక్షలో క్యాన్సర్‌గా పొరబడ్డ ఉదంతాలు వైద్య సాహిత్యంలో పదేపదే వస్తాయి.

ఆ పొరపాటుకు తర్కశాస్త్రం చెప్పే పేరు సవ్యభిచార హేతువు. సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్నచోటా లేనిచోటా ఉండే హేతువు దేన్నీ నిరూపించదు. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండాలన్న వాదంలో లోపమేమిటో చెప్పడానికి తార్కికులు ఉపాధి అనే మాట తెచ్చారు. పొగకు కారణం ఉత్త నిప్పు కాదు, తడి కట్టె కలిసిన నిప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. అలాగే కణాలు వేగంగా విభజన చెందడం ఒక్కటే క్యాన్సర్ అనిపించుకోదు. వెంట్రుక మొదలు శరీరంలో అతి చురుకుగా పెరిగే కణజాలాల్లో ఒకటి. దాన్ని అనుకరించే గడ్డలో విభజనలు కనిపించడం సహజం. విభజనకు తోడు కణాలు అదుపు తప్పి పక్క కణజాలంలోకి చొరబడుతున్నాయా అన్నది కావాలి. సూది పరీక్ష సరిగ్గా అదే చూపలేదు, ఎందుకంటే సూది కణాలను వాటి ఇరుగుపొరుగు నుంచి విడదీసి తెస్తుంది. గడ్డ అంచు ఎలా ఉందో, చుట్టూ ఏముందో తెలియాలంటే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలి. ఈ పద్ధతికి ఉన్న హద్దుల్లో ఇది నైపుణ్యంతో దాటగలిగేది కాదు.

మెడ మీద గడ్డ అయితే ఈ జిల్లాల్లో ఇంకో చిక్కు. పిల్లల మెడలో గడ్డ అనగానే డాక్టరుకు మొదట తట్టేది టీబీ. అది అన్యాయమేమీ కాదు, ఎక్కువసార్లు అదే నిజమవుతుంది. స్లైడులో రాక్షస కణాలు కనపడితే ఆ తలంపుకు బలం వస్తుంది. అదే స్లైడులో ఛాయా కణాలు రెండు గుంపులుంటే వ్యతిరేక హేతువు కూడా ఎదురుగా ఉన్నట్టే. ఇలా ఒక నిర్ణయానికి ఒక హేతువు, దానికి ఎదురు నిర్ణయానికి మరో హేతువు సరిసమానంగా నిలబడితే సత్ప్రతిపక్షమంటారు. అప్పుడు ఏ ఒక్క హేతువుతోనూ నిర్ణయం కుదరదు. మూడో ఆధారం వెతకాలి. ఎపిథీలియాయిడ్ కణాల గుంపులున్నాయా, టీబీ క్రిముల స్టెయిన్‌లో ఏమైనా పడిందా, సూది దిగినప్పుడు ఇసుకలో దిగినట్టు గరగరలాడిందా అని చూడాలి. ఈ చివరిదాన్ని రిపోర్టులో రాసేవారు తక్కువ. సూది పట్టిన చేతికి తెలిసింది కూడా ప్రత్యక్షమే. గుచ్చినవారు ఒకరు, స్లైడు చూసేవారు ఇంకొకరు అయిన విభాగాల్లో ఆ ప్రత్యక్షం దారిలోనే పోతుంది.

స్లైడులో క్యాన్సర్ కణాలు కనిపించలేదన్న రిపోర్టు సంగతి వేరు. లేకపోవడాన్ని తెలుసుకోవడం ఎలాగన్నది కుమారిల భట్టు అనుయాయులైన మీమాంసకులు లోతుగా తడిమిన విషయం. వారు దీనికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్నే ఒప్పుకున్నారు. నేల మీద కుండ కనిపించలేదు కాబట్టి అక్కడ కుండ లేదు. కాని ఈ మాట చీకట్లో చెల్లదు. ఉంటే కనిపించి తీరాల్సిన పరిస్థితి ఉన్నప్పుడే కనిపించకపోవడం లేకపోవడానికి సాక్ష్యం. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. కణాలను చూసి చెప్పే సైటాలజీలో స్మియర్, అంటే స్లైడు మీద పరిచిన పదార్థం, సరిపోయిందా లేదా అన్న షరతు ఇదే. ఉత్త రక్తమే వచ్చిన స్లైడులో క్యాన్సర్ కణాలు లేవనడం చీకట్లో కుండ వెతికినవాడి మాట. తగినన్ని కణాలు, గడ్డకు చెందినవని పోల్చుకోదగ్గ కణాలు వచ్చాయని చూసుకున్నాకే లేదన్న మాటకు విలువ. పదార్థం చాలలేదు, మళ్ళీ గుచ్చాలి అని రాసిన రిపోర్టును రోగి బంధువులు చేతకానితనంగా తీసుకుంటారు. నిజానికి ఆ పూట ఆ విభాగం నుంచి వెలువడిన రిపోర్టుల్లో అంత కచ్చితమైనది మరొకటి లేకపోవచ్చు.

మరికొన్ని అరుదైన గడ్డలు మరోరకం ప్రశ్న లేవనెత్తుతాయి. కాండ్రాయిడ్ సిరింజోమా చెమట గ్రంథులకు చెందిన మిశ్రమ గడ్డ. హిర్ష్, హెల్విగ్ 1961లో ఈ పేరు పెట్టారు. ఎక్కువగా ముఖం మీద, ముక్కు చుట్టూ, పై పెదవి దగ్గర వస్తుంది. స్లైడులో మృదులాస్థిని పోలిన జిగురు పదార్థం, అందులో చిక్కుకున్న కణాలు కనిపిస్తాయి. లాలాజల గ్రంథిలో వచ్చే ప్లియోమార్ఫిక్ అడినోమా స్లైడు పక్కన పెడితే రెండిటినీ కణాలను బట్టి వేరుచేయడం సాధ్యం కాదు. తేడా చెప్పేది చోటు. గడ్డ చర్మంతో పాటు కదులుతోందా, చెవి కింద గ్రంథి లోతులో ఉందా అన్నది. అనుమానానికి వ్యాప్తి, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం, ఒక్కటే చాలదు, హేతువు ఈ పక్షంలోనే, ఈ కొండ మీదే ఉందన్న జ్ఞానం కూడా కావాలని తార్కికులు పక్షధర్మతను ఎందుకు కలిపారో ఇక్కడ తెలుస్తుంది. పొగకూ నిప్పుకూ సంబంధం ఎంత తెలిసినా, పొగ ఏ కొండ మీద లేస్తోందో తెలియకపోతే నిప్పు ఎక్కడుందో చెప్పలేం.

గ్లోమస్ గడ్డ విషయంలో రోగి మాటే సగం రోగనిర్ణయం. గోరు కింద చిన్నగా ఉండి, చలికి, చన్నీళ్ళకు, కొద్దిగా తాకినా ప్రాణం పోయేంత నొప్పి పెడుతుంది. ఆ మాట కాగితం మీదికి ఎక్కకపోతే స్లైడులోని గుండ్రటి కణాలు చూసేవారిని ఎటైనా తీసుకెళ్ళగలవు. నొప్పి అనుభవించినవాడి వాక్యం ఆప్తవాక్యమే, శబ్ద ప్రమాణమే. చిక్కెక్కడంటే, ఆ వాక్యం పాథాలజిస్టును చేరేలోపు రెండు చేతులు మారుతుంది. ఓపీ చీటీ మీద ‘గడ్డ, సూది పరీక్ష’ అన్న రెండు ముక్కలే ఉండటం మామూలు. ఎన్నాళ్ళుగా ఉంది, పెరుగుతోందా, నొప్పి ఉందా, వయసెంత, ఎక్కడ అన్నవి లేని స్లైడు సాక్షి లేని దస్తావేజు. నెత్తి మీద తలపాగాలా గడ్డలు అల్లుకునే సిలిండ్రోమా, ఇంట్లో మరొకరికీ ఉన్నాయా అన్న ఒక్క ప్రశ్నతో సగం తేలుతుంది. వాటిలో కొన్ని సీవైఎల్‌డీ జన్యువు దోషంతో కుటుంబంలో వస్తాయి. పైలోమాట్రిక్సోమాలు ఒకే మనిషికి చాలా వస్తే కండరాలను బలహీనపరిచే మయోటోనిక్ డిస్ట్రఫీ ఉందేమో చూడాలి.

ఇన్ని షరతుల మధ్య రిపోర్టు భాష ఎలా ఉండాలన్నది వృత్తి మర్యాద మాత్రమే కాదు, తాత్త్విక విషయం. ‘సూచిస్తోంది’, ‘సరిపోతోంది’, ‘తోసిపుచ్చలేం’, ‘క్లినికల్‌గా పోల్చి చూడాలి’ అనే మాటలను తప్పించుకునే భాషగా చాలామంది ఎగతాళి చేస్తారు. జైన తార్కికులు ఆ ఎగతాళిని ఒప్పుకోరు. వస్తువుకు అనేక ముఖాలుంటాయి, ఏ మాటైనా ఒక వైపు నుంచి చూసి చెప్పిందే, కాబట్టి ప్రతి వాక్యానికీ ‘స్యాత్’ (ఒక దృష్టితో) తగిలించాలన్నది వారి స్యాద్వాదం. ఈ జిల్లాల నేల మీద ఆ మతం చాలాకాలం నిలిచింది. పాత నల్లగొండ జిల్లాలోని కొలనుపాక జైన క్షేత్రానికి నేటికీ యాత్రికులు వస్తారు. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లి గొల్లత్తగుడి ఇటుకలతో కట్టిన జైన ఆలయం. స్యాద్వాదాన్ని అంతా సందేహమే అనే వాదంగా తీసుకోవడం తప్పు. ఏ దృష్టితో చెబుతున్నామో బయటపెడితే ఆ హద్దులో మాట గట్టిగానే నిలుస్తుంది. ‘ఈ స్మియర్‌లో ఉన్నంతవరకు’ అన్న రిపోర్టు అలాంటి గట్టి మాట. ప్రతి రిపోర్టుకూ అలవాటుగా అతికించిన ‘పోల్చి చూడాలి’ మాత్రం ఎగతాళికి తగిందే. దేనితో పోల్చాలో చెప్పని స్యాత్ ఉత్త పిరికితనం.

చార్వాకుడు ఇంకా ముందుకెళ్ళి అనుమానాన్నే కొట్టిపారేస్తాడు. రేపటి పొగ వెనక నిప్పు ఉంటుందని ఎవరు చూశారంటాడు. పదో శతాబ్దం ప్రాంతపు మిథిలా తార్కికుడు ఉదయనుడు దీనికి ఇచ్చిన జవాబు వైద్యులకు దగ్గరగా ఉంటుంది. సందేహించేవాడు కూడా అన్నం తింటే ఆకలి తీరుతుందని నమ్మే చేయి చాస్తాడు. తన నడవడికతో తానే కొట్టుకునే చోట సందేహం ఆగాలి. గడ్డ ఏదైనా కావచ్చు అంటూ కూర్చునే డాక్టరు కూడా సాయంత్రానికి ఏదో ఒకటి చేయక తప్పదు. కోయాలి, ఆగాలి, లేదా పట్నం పంపాలి.

గట్టి ప్రశ్న వేసింది బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు. వస్తువులు ప్రమాణాలతో తెలుస్తాయంటే, ఆ ప్రమాణాలు దేనితో తెలుస్తాయి? వేరే ప్రమాణంతో అంటే దానికి మరొకటి కావాలి, అంతు ఉండదు. వాటంతట అవే అంటే వాటికి మాత్రమే ఆ మినహాయింపు ఎందుకో చెప్పాలి. విగ్రహవ్యావర్తనిలో ఆయన పెట్టిన ఈ ఇరకాటం నుంచి ఎవరూ సులువుగా బయటపడలేదు. ఆయన పేరున్న నాగార్జునకొండ లోయ నల్లగొండ సరిహద్దున, ఇప్పుడు సాగర్ జలాశయం కింద ఉంది. 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాల్లో బయటపడిన బౌద్ధ విహారాలు, శాసనాలు చాలామటుకు క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల ఇక్ష్వాకుల కాలానివి. ఆచార్యుడు అక్కడే నివసించాడన్నది సంప్రదాయం చెప్పే మాట, శాసనాలు తేల్చిన మాట కాదు.

సూది పరీక్షకు ఆ ప్రశ్న సూటిగా తగులుతుంది. సైటాలజీ రిపోర్టు సరైనదని తేల్చేది ముక్క పరీక్ష అంటారు. ముక్క పరీక్షలోనే ఇద్దరు పాథాలజిస్టులకు పొసగకపోతే ఇమ్యునో స్టెయిన్లు. అవీ తేల్చకపోతే జన్యు పరీక్ష. పైలోమాట్రిక్సోమాల్లో చాలావాటికి బీటా కాటెనిన్ జన్యువులో మార్పు ఉంటుందని 1990ల చివర తెలిసింది. అయితే ఆ మార్పు ఉన్నవి పైలోమాట్రిక్సోమాలని తేల్చింది ముక్క పరీక్షే కదా. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాం. ‘గోల్డ్ స్టాండర్డ్’ అన్న మాట ఈ గుండ్రాన్ని కప్పిపుచ్చుతుందే తప్ప తెంచదు. నైయాయికులు గుండ్రాన్ని తెంచింది వేరే చోట. జ్ఞానం సరైనదా కాదా అన్నది దాన్ని నమ్మి చేసిన పని ఫలించడాన్ని బట్టి తెలుస్తుందన్నారు. దూరాన కనిపించింది నీళ్ళేనా అన్నది దాహం తీరితే తేలిపోతుంది. వైద్యంలో సఫలమైన ప్రవృత్తి అంటే గడ్డ పూర్తిగా తీశాక ఏళ్ళ తరబడి అక్కడ మళ్ళీ రాకపోవడం. మొత్తం తీసేసిన పైలోమాట్రిక్సోమా తిరిగి రావడం అరుదు. క్యాన్సర్ రూపం లేకపోలేదు, కాని అది మరీ అరుదు. కాలమే చివరి పరీక్షకుడు.

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతంలో, ఈ ఒక్క ప్రమాణమే తరచు తప్పిపోతుంది. వలస జిల్లాగా దానికున్న పేరు కొత్తది కాదు. గడ్డ తీయించుకున్న మనిషి కుట్లు విప్పించుకుని పనికోసం దూరం వెళ్ళిపోతే ఏడాది తరువాత చూద్దామన్నా కనిపించడు. రానివాడికి నయమైనట్టు రికార్డులో లెక్క పడుతుంది. రాకపోవడాన్ని నయం కావడంగా లెక్కించడం అనుపలబ్ధిని అయోగ్యమైన చోట వాడటమే. పనికి తీసుకెళ్ళే మేస్త్రీ ఫోన్ నంబరైనా ఓపీ రికార్డులో ఉంటే ఈ లోటు కొంత పూడుతుంది.

దైవం సంగతి కూడా ఇక్కడే. యాదగిరిగుట్ట నరసింహుణ్ణి వైద్య నరసింహుడిగా కొలిచి, రోగం తగ్గాలని మండలం పాటు ప్రదక్షిణలు చేసేవారున్నారు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకునేవారిలో హిందువులూ ముస్లిములూ ఉన్నారు. హానిలేని గడ్డ స్వభావమే ఏళ్ళ తరబడి కదలకుండా ఉండటం. వాచిన తిత్తి గడ్డ దానంతటదే తగ్గడమూ ఉంది. ఆ మధ్యలో ఏది చేసినా ఘనత దానికే దక్కుతుంది, పసరు కట్టినా, సున్నం రాసినా, మొక్కినా. తార్కికులు దీన్ని కాకతాళీయమన్నారు. అయితే మొక్కును పసరుతో ఒక గాటన కట్టడం సరికాదు. పసరు ఫలానా గడ్డను కరిగిస్తానని వాగ్దానం చేస్తుంది, కాబట్టి పరీక్షకు నిలబడాలి. మొక్కు గడ్డ ఏమిటో చెప్పదు. మనిషికి నిబ్బరం ఇస్తుంది. అది వైద్యానికి అడ్డొచ్చేది రిపోర్టు చేతికందాక కూడా దాన్ని వాయిదాకు సాకుగా వాడుకున్నప్పుడే. నాకే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు స్లైడులో జవాబు ఉండదు. కర్మ అంటూ చెప్పే జవాబు స్లైడును మార్చదు.

పేరు పెట్టలేకపోవడం గురించి చరకుడు ఒక ఊరటనిచ్చే మాట చెప్పాడు. అన్ని రోగాలకూ స్థిరమైన పేర్లు లేవు గనుక, పేరు తెలియలేదని వైద్యుడు సిగ్గుపడనక్కర్లేదు. స్వభావం, చోటు, కారణం తెలుసుకుని చికిత్స మొదలుపెట్టాలి. చర్మ అనుబంధాల గడ్డల్లో పేర్లు పదుల కొద్దీ ఉన్నాయి, చాలావాటి మధ్య గీతలు నిపుణులకే చెరిగిపోతుంటాయి. సూది పరీక్ష నుంచి న్యాయంగా ఆశించాల్సింది ఆ పేర్లన్నీ కాదు. గడ్డ హానిలేనిదిగా ఉందా, ఎంత తీయాలి, తొందర ఉందా అన్న మూడిటికి జవాబు వస్తే అది తన పని చేసినట్టే. ఈ మేరకు సూది పరీక్ష నమ్మదగ్గ ప్రమాణం. ఈ మేర దాటించి, సూది రిపోర్టు ఒక్కదాన్ని పట్టుకుని పిల్లవాడి ముఖం మీద క్యాన్సర్‌కు చేసేంత పెద్ద ఆపరేషన్ చేయడం మాత్రం ప్రమాణం లేని సాహసం.

ఇందులో రోగి చేతిలో ఉన్న పని ఒకటుంది. చిన్న గడ్డే కదా అని తీసిన గడ్డను చెత్తలో పడేసే అలవాటు చిన్న నర్సింగ్‌హోముల్లో ఇంకా పోలేదు. గడ్డ పోయాక సూది రిపోర్టు సరైనదో కాదో తేల్చే దారి మూసుకుపోతుంది. ఆపరేషన్‌కు ముందే డాక్టరును అడిగి, తీసిన గడ్డను ఫార్మలిన్‌లో పెట్టించి, పాత సూది రిపోర్టు నకలుతో సహా ముక్క పరీక్షకు పంపించుకోవాలి. ఆ రెండు కాగితాలనూ కలిపి దాచుకోవాలి.